ఐపాడ్ వీడియో 30 జీబీ: 20 నిమిషాలకే పడిపోతోంది, బ్యాటరీ ఎలా మార్చాలి?

1. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. వెనక మూత మీద ఏ1136 అని ఉంది. 5వ తరం, 30 జీబీ, సన్న రకం. ఛార్జింగ్ నిండా ఎక్కినట్టే చూపిస్తుంది. పాటలు మొదలెట్టిన 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఠక్కున ఆగిపోతుంది. వైరు పెట్టగానే సగానికి పైగా ఛార్జి ఉన్నట్టు చూపిస్తుంది. ఒక్కోసారి ఒక ఆల్బమ్ వదిలి ఇంకో దాంట్లోకి వెళ్తుంటే తెర మీద ఆపిల్ బొమ్మ వచ్చి మళ్ళీ మొదటికొస్తుంది. మూత ఎక్కడా ఉబ్బలేదు.

నా దగ్గర 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, వెర్నియర్ ఉన్నాయి. పోయింది బ్యాటరీయా, హార్డ్ డిస్కా? బ్యాటరీయే అయితే ఏది చూసి కొనాలి?

2. టంకం బాబాయ్ (బరంపురం)

ఆ 20 నిమిషాల లెక్కలోనే జవాబుంది. ఈ 30 జీబీ మోడల్‌లో ర్యామ్ 32 ఎంబీ. డిస్కు ఒకసారి తిరిగి, వరుసగా నాలుగైదు పాటలు ర్యామ్‌లోకి ఎత్తి పోసుకుని నిద్రపోతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 1 ఎంబీ కంటే కొంచెం తక్కువ తింటుంది కాబట్టి ఆ నిల్వ 20–25 నిమిషాలు వస్తుంది. అది అయిపోగానే డిస్కు మళ్ళీ లేవాలి. లేచే క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ముసలి సెల్లు (అంటే బ్యాటరీయే) లోపలి నిరోధకత పెరిగిపోయి ఉంటుంది కాబట్టి వోల్టేజి ధడాలున పడుతుంది, బోర్డు ఆగిపోతుంది. లోడు తీసేస్తే వోల్టేజి మళ్ళీ పైకొస్తుంది. అందుకే వైరు పెట్టగానే సగం చూపిస్తోంది. ఆల్బమ్ మార్చినప్పుడు రీస్టార్ట్ అవడమూ ఇదే కారణం, అక్కడా డిస్కు లేవాల్సిందే.

నిర్ధారించుకోవాలంటే చెవి దగ్గర పెట్టుకుని విను. ఆగే ముందు "జుయ్" మని సన్నగా తిరగబోయి చచ్చిపోతే తప్పు సెల్లుదే. ఛార్జర్ వైరు పెట్టి ఉంచే గంటసేపు పాడించు. ఆగకుండా పాడితే డిస్కు బాగానే ఉన్నట్టు. వైరు ఉన్నా "టక్... టక్..." అని కొట్టుకుంటుంటే మాత్రం డిస్కూ పోయింది, అప్పుడు బ్యాటరీ ఒక్కటే మార్చి లాభం లేదు.

3. వంశధార ఒడ్డు (గుణుపురం)

ఈ మోడల్‌కి సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేదు, దాన్ని పెట్టెలోనే ఉంచండి. బ్యాటరీ నుంచి వచ్చే నారింజ రంగు రిబ్బన్ (పలుచటి పట్టీలాంటి వైరు) బోర్డు మీది కనెక్టర్లో కూర్చుంటుంది. అదే రిబ్బన్‌తో తయారై వచ్చే బ్యాటరీ కొనాలి. 30 జీబీది 11 మి.మీ. మందం సన్న రకం, 60, 80 జీబీలవి 14 మి.మీ. లావు రకం. లావు రకానిది కొంటే మీ మూత మూసుకోదు.

విప్పే పద్ధతి:

ముందు హోల్డ్ మీట లాక్ వైపు జరపండి. మూత రెండు పక్కలా లోపల వరుసగా చిన్న చిన్న స్టీలు నాలుకలుంటాయి. స్క్రూలేమీ ఉండవు, మొత్తం పట్టు ఆ నాలుకలదే. పలుచని ప్లాస్టిక్ పుల్ల పక్క అతుకులో దూర్చి, మొన స్టీలు వైపుకి వంచి పట్టుకోండి. ముందువైపు ప్లాస్టిక్ మెత్తన, అటు వంచితే అంచు గీసుకుపోతుంది. ఒక నాలుక ఊడగానే అక్కడ పాత సిమ్ కార్డు ముక్క అడ్డం పెట్టి తర్వాతి దానికి జరగండి. లేకపోతే ముందుది మళ్ళీ పట్టేసుకుంటుంది. పైవైపు ఇయర్‌ఫోన్ జాక్, హోల్డ్ మీట ఉంటాయి, అక్కడ పుల్ల దూర్చొద్దు. అడుగున వైరు పెట్టే సాకెట్ దగ్గరా అంతే.

మూత ఊడింది కదా అని పుస్తకం తెరిచినట్టు ఒక్కసారిగా తెరవకండి. ఎక్కువ మంది చెడగొట్టేది ఇక్కడే. రెండు భాగాల మధ్య రెండు రిబ్బన్లుంటాయి: ఒకటి బ్యాటరీది, ఒకటి జాక్‌ది. రెండు వేళ్ళ సందు మాత్రం తెరిచి, బ్యాటరీ రిబ్బన్ పట్టుకున్న గోధుమరంగు గొళ్ళేన్ని గోటితో గానీ పుల్లతో గానీ పైకెత్తండి. 2 మి.మీ. దాకా లేచి ఆగుతుంది, పూర్తిగా ఊడి రాకూడదు. రిబ్బన్ దానంతటదే జారి వస్తుంది. లాగాల్సి వస్తోందంటే గొళ్ళెం ఇంకా లేవలేదన్నమాట.

తర్వాత డిస్కుని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, కింద జాక్ రిబ్బన్ మీదున్న నల్ల రెప్పని పైకి తిప్పండి. ఇది జరిగే రకం కాదు, తలుపులా తెరుచుకునే రకం. రిబ్బన్ తీశాక వెనక మూత విడిగా చేతికొస్తుంది. బ్యాటరీ దానికే అంటుకుని ఉంటుంది.

4. నాగావళి (రాయగడ)

గుణుపురం మాస్టారు చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతాను.

అంటుకున్న బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. పౌచ్ సెల్లు పైపొర పలుచటి అల్యూమినియం రేకు, గుచ్చుకున్నా మడతపడ్డా లోపల పొరలు ఒకదానికొకటి తగిలి అక్కడికక్కడే పొగలొస్తాయి. అంటుపట్టీ కింద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగైదు చుక్కలు వేసి రెండు నిమిషాలాగండి. చేతికి రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్ళూ గ్లిజరిన్ ఉంటాయి. ఆ తర్వాత గాలానికి కట్టే సన్న నైలాన్ దారం బ్యాటరీ కిందకి దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగితే జిగురు తెగిపోతుంది. బరంపురంలో దొరుకుతుంది కదా అని పట్టు దారం వాడొద్దు, అది జిగురులో ఇరుక్కుని తెగుతుంది. జాక్ రిబ్బన్ బ్యాటరీని ఆనుకునే పోతుంది, కాబట్టి దారం రిబ్బన్ లేని వైపు నుంచి మొదలెట్టాలి.

రెండోది, పర్లాకిమిడిలో ఉంటూ ప్లాస్టిక్ పుల్ల కోసం ఆన్‌లైన్లో వెతకడమేటండీ. మీ ఊళ్ళో కొమ్ము పని చేసేవాళ్ళ దగ్గర దువ్వెనలకి కోయగా మిగిలిన పలుచటి కొమ్ము ముక్క అడగండి. అంచు ఆకురాయితో పలుచగా అరగదీస్తే అంతకంటే మంచి పనిముట్టు లేదు. స్టీలుని గీయదు, కరెంటు పారదు, ప్లాస్టిక్‌లా కొన విరిగిపోదు.

5. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కొమ్ము ముక్క సంగతి తట్టనే లేదు, ధన్యవాదాలు. వైరు పెట్టి గంటన్నర పాడించాను, ఆగలేదు. టక్ టక్ లేదు. బాబాయ్ చెప్పిన "జుయ్" మాత్రం స్పష్టంగా వినిపించింది. అయితే సెల్లే.

ఆన్‌లైన్లో ఈ సన్న రకానికి సామర్థ్యం రకరకాల అంకెల్లో చూపిస్తున్నారు. ఒకడు 450, ఒకడు 650, ఒకడేమో 1200 ఎంఏహెచ్ అంటున్నాడు. సైజు అన్నిటికీ ఒకటే. ఏది నమ్మాలి?

6. టంకం బాబాయ్ (బరంపురం)

అంకె నమ్మొద్దు, కొలత నమ్ము. పౌచ్ సెల్లుకి మోటు లెక్క ఒకటుంది: మందం × వెడల్పు × పొడవు, మూడూ మి.మీ.లలో గుణించి పదో వంతు తీసుకో. అదే దాదాపుగా ఎంఏహెచ్. సెల్లు మీద 403040 అని ఉంటే 4 మి.మీ. మందం, 30 వెడల్పు, 40 పొడవు. గుణిస్తే 4800, అంటే 480 ప్రాంతం. నిజంగానే ఆ సైజు సెల్లులు 450–500 దగ్గర ఉంటాయి. అదే సైజు మీద 1200 అని అచ్చు వేస్తే అది సిరా ఖర్చే.

బరువూ చూసుకో. 500 ఎంఏహెచ్ పౌచ్ సెల్లు 10 గ్రాముల దగ్గర తూగుతుంది. బంగారం కొట్టు తక్కెడ అక్కర్లేదు, వంటింటి డిజిటల్ త్రాసు చాలు. పాత సెల్లు మీద వాట్ అవర్లు రాసుంటే దాన్ని 3.7తో భాగించు, అసలు సామర్థ్యం ఆంపియర్ అవర్లలో తెలిసిపోతుంది. పాతదాని మందం కొలిచేటప్పుడు నడుమ కాదు, అంచు దగ్గర కొలు. నడుమ ఎంతో కొంత ఉబ్బే ఉంటుంది.

వచ్చాక మొదట చేసే పని వోల్టేజి చూడడం. కొత్త సెల్లు 3.7 నుంచి 3.9 మధ్య ఉండాలి. 3 కంటే తక్కువుంటే గోడౌన్లో ఏళ్ళ తరబడి పడున్న సరుకు, వాపసు పంపు. 2.5 కిందకి పడిపోయిన దాన్ని "మెల్లగా లేపుదాం" అని ఛార్జి పెట్టేవాళ్ళున్నారు. అంత కిందకి పోతే లోపలి రాగి కరిగి, ఛార్జి చేసేటప్పుడు ముళ్ళలా పేరుకుని షార్ట్ చేస్తుంది. అది లేపడం కాదు, నిప్పు రాజెయ్యడం.

7. వంశధార ఒడ్డు (గుణుపురం)

రావడానికి రోజులు పడుతుంది, కంగారు పడకండి. విడి లిథియం బ్యాటరీలు ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వెయ్యకూడదని 2016 నుంచి నిషేధం. కాబట్టి మన వైపుకి ఎక్కువగా రోడ్డు మీదే వస్తాయి.

8. ప్రాణహిత (సిరోంచ)

అన్నలూ, మధ్యల దూరుతున్న, ఏమనుకోకుర్రి. నా దగ్గర ఉన్నది ఐపాడ్ కాదు. పేరు లేని చిన్న ఎంపీ3 ప్లేయర్, దాంట్ల బ్యాటరీకి మూడు వైర్లున్నయ్: ఎర్రది, నల్లది, పసుపుది. మూడూ బోర్డుకే అతికిచ్చి ఉన్నయ్. సైజు 303040. చంద్రపూర్ల దొరికే సెల్లుకు రెండే వైర్లున్నయ్. మూడోది వదిలేస్తే నడుస్తదా? ఒకలేమో 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి మూసేయ్ అంటున్రు.

9. నాగావళి (రాయగడ)

రెసిస్టర్ పెట్టే ముందు ఆ మూడో వైరు ఏంటో తెలుసుకో తమ్ముడూ. రెండు రకాలుంటాయి. పాత సెల్లు విప్పి, పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య ఓమ్స్ చూడు. 10 కిలో ఓమ్ దగ్గర ఉంటే వేళ్ళతో సెల్లు తల దగ్గరున్న చిన్న బోర్డుని ఒక నిమిషం నొక్కి పట్టుకో. అంకె దిగుతూ పోతే అది వేడి కొలిచే థర్మిస్టర్. 25 డిగ్రీలకి 10 కిలో ఓమ్ ఉండేది 35కి సుమారు 7కి దిగుతుంది. కదలకుండా అక్కడే ఉంటే అది గుర్తింపు రెసిస్టర్ మాత్రమే, అదే విలువ ఉన్నది ఇంకోటి పెడితే చాలు.

థర్మిస్టర్ అయితే పాతదాన్నే కోసి తీసి కొత్త సెల్లు మీదకి మార్చు, పైన కాప్టన్ టేపు (వేడిని తట్టుకునేది) వెయ్యి. మామూలు రెసిస్టర్ పెడితే ఛార్జింగ్ చిప్పు ఎప్పుడూ 25 డిగ్రీలే అనుకుంటుంది. లిథియం సెల్లుని 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు. సిరోంచ, చంద్రపూర్ ఎండలకి నీడలోనే ఆ గీత దగ్గరకి వెళ్తుంది. ఊటీలో ఉన్నవాడు రెసిస్టర్ పెట్టుకున్నా పెద్దగా ముంచుకొచ్చేది లేదు, మే నెలలో మీ దగ్గర మాత్రం వద్దు.

10. టంకం బాబాయ్ (బరంపురం)

రాయగడ వాళ్ళ మాటే నాదీ. అయితే మూడో వైరు వదిలేస్తే చాలా బోర్డులు అసలు ఛార్జే తీసుకోవు, అంతకంటే ప్రమాదం ఉండదు. ప్రమాదమంతా "పనిచేసేసింది" అనిపించే రెసిస్టర్‌తోనే.

అతుకుల పద్ధతి ఇది. మూడు వైర్లూ ఒక్క కట్టరు వేటుతో కోయొద్దు. కట్టరు నోరు ఇనుమే కదా, ఎర్రదీ నల్లదీ దాని మీదుగా కలిస్తే అక్కడే షార్ట్. ముందు నల్లది అతుకు విడదీసి కొనకి టేపు చుట్టు, తర్వాత పసుపుది, ఆఖర్న ఎర్రది. పెట్టేటప్పుడు తిరగేసి: ఎర్రది ముందు, నల్లది చివర. పాత అతుకు సీసం లేనిదైతే 217 డిగ్రీలకి గానీ కరగదు. దాని మీద కొంచెం 60/40 టంకం (తగరం, సీసం కలిసినది) కలిపితే తొందరగా మెత్తబడుతుంది. కొన 330–350 డిగ్రీలు, అతుకుకి 2–3 సెకన్లు, అంతే. పట్టలేదంటే ఎక్కువసేపు అదిమి పెట్టొద్దు, తీసి ఫ్లక్సు (టంకం పట్టడానికి రాసే పదార్థం) రాసి చల్లారాక మళ్ళీ. ఎట్టి పరిస్థితుల్లోనూ సెల్లు రేకు మీద నేరుగా టంకం పెట్టొద్దు. చిన్న రక్షణ బోర్డు నుంచి వచ్చే వైర్ల కొనలకే పెట్టాలి.

ఎర్రది ప్లస్సే అని రంగు చూసి నమ్మొద్దు, మీటరు పెట్టి చూడు. చిన్న తెల్ల ప్లగ్గులతో వచ్చే సెల్లుల్లో కంపెనీ కంపెనీకీ వరస తిరగబడుతుంది. తిప్పి పెట్టిన మరుక్షణం ఛార్జింగ్ చిప్పు మాడుతుంది, వాసన కూడా రాకముందే.

11. ప్రాణహిత (సిరోంచ)

చూసిన. 31 డిగ్రీల గదిల 7.9 చూపిచ్చింది, వేళ్ళతోని పట్టుకుంటే 6.8కి దిగింది. థర్మిస్టరే అన్నట్టు. దాన్నే మార్చి పెడత. ఇంకోటి: బోర్డు మీద ఛార్జింగ్ చిప్పు కాలిపోయినట్టున్నది, దాని బదులు మార్కెట్ల దొరికే చిన్న నీలం రంగు టీపీ4056 బోర్డు పెట్టచ్చా?

12. టంకం బాబాయ్ (బరంపురం)

పెట్టొచ్చు, ఒక్కటి మార్చాకే. ఆ బోర్డు దుకాణంలోంచి వచ్చేటప్పుడు దాని మీద 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. దానర్థం 1 ఆంపియర్ ఛార్జింగ్. నీ 303040 సెల్లు 350 ఎంఏహెచ్ లోపుదే. మూడు రెట్ల వేగంతో దాని నోట్లో కుక్కినట్టవుతుంది. ఆ రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్ వెయ్యి, 130 మిల్లీ ఆంపియర్లకి దిగుతుంది. మూడు గంటల పైన పడుతుంది, పడనీ. 5 కిలో ఓమ్ అయితే 250, అది నీ సెల్లుకి ఎక్కువే.

థర్మిస్టర్ వైరు ఎక్కడ పెట్టాలని అడుగుతావేమో. ఆ నీలం బోర్డుల్లో చిప్పుకి వేడి చూసే కాలుని గ్రౌండ్‌కి (మైనస్‌కి) కలిపేసి ఉంచుతారు, కాబట్టి మార్చిన థర్మిస్టర్ దానికి పనికిరాదు. పగలు ఛార్జి పెట్టకు, తెల్లవారుజామున పెట్టుకో.

13. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సెల్లు వచ్చింది. 3.84 వోల్టులు. పెట్టేశాను, ఆన్ అయింది, డిస్కు లేచినా పడిపోవడం లేదు. కానీ ఎడమ చెవిలో శబ్దం లేదు. ఇయర్‌ఫోన్ మార్చి చూశాను, అదే తంతు. జాక్ కొంచెం వంచి పట్టుకున్నా తేడా లేదు. జాక్ పోయిందంటారా?

14. వంశధార ఒడ్డు (గుణుపురం)

జాక్ పోతే వంచినప్పుడు గరగర వచ్చి పోతూ ఉంటుంది. మీకు ఏ తేడా రావడం లేదంటే రిబ్బన్ వంకరగా కూర్చుంది. మళ్ళీ విప్పి నల్ల రెప్ప తెరిచి, రిబ్బన్ కొన మీద రాగి గీతలు చూడండి. కనెక్టర్ అంచుకి రిబ్బన్ కొన సమాంతరంగా ఉండి, ఆ గీతలు రెండు వైపులా సమానంగా లోపలికి వెళ్ళాలి. ఒక మూల అర మి.మీ. బయట కనిపించినా ఆ చివరి గీత తగలదు, ఒక ఛానెల్ ఎగిరిపోతుంది. పుల్లతో రిబ్బన్ రెండు భుజాలనీ మార్చి మార్చి నెట్టి, తర్వాతే రెప్ప మూయండి. రెప్ప మూసేటప్పుడు "టిక్" మని మెత్తగా పడాలి. బలం పెట్టాల్సి వస్తే రిబ్బన్ సరిగా లేదు. రెప్ప విరిగితే దానికి విడి భాగం దొరకదు.

హోల్డ్ మీట కూడా అదే రిబ్బన్ మీద వస్తుంది. అది పనిచేస్తోందో లేదో చూడండి.

15. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

హోల్డ్ పనిచేస్తోంది. విప్పి చూశాను, అచ్చం మీరు చెప్పినట్టే ఎడమ మూల కాస్త పైకి లేచి ఉంది. సరిచేశాక రెండు వైపులా వస్తోంది. మూత మూసేశాక ఒక పక్క అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు మిగిలింది. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది.

16. నాగావళి (రాయగడ)

నొక్కి నొక్కి మూయకండి. ఆ నొక్కుడు సెల్లు మీదే పడుతుంది. సందుకి మూడు కారణాలుంటాయి: స్టీలు నాలుక బయటికి వంగిపోయి ఉండొచ్చు, డిస్కు చుట్టూ రబ్బరు దిళ్ళు పక్కకి జరిగి ఉండొచ్చు, లేదా పాత జిగురు మీదే కొత్త అంటుపట్టీ వేసి సెల్లు మందం పెరిగి ఉండొచ్చు. నాలుక అయితే సన్న మొన పట్టకారుతో లోపలికి కొద్దిగా వంచండి, ఒక్కసారే. స్టీలు రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే విరుగుతుంది. జిగురు అయితే ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, 0.1 మి.మీ. పలుచటి రెండు పక్కలా అంటుకునే టేపు రెండు పట్టీలు చాలు. తక్షణం అంటుకునే గట్టి జిగురు వాడొద్దు, తర్వాత సెల్లు తీయలేరు.

ఐపాడ్ క్లాసిక్ అని 2007 నుంచి వచ్చినవి ముందువైపు అల్యూమినియం. అక్కడ ఈ నాలుకల బాధ పది రెట్లు. వాటిని విప్పడానికి పలుచటి పుట్టీ బ్లేడు కావాలి, అంచు ఎంతో కొంత వంగకుండా రాదు. మీది ప్లాస్టిక్‌ది కావడం అదృష్టం అనుకోండి.

17. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పాత జిగురే. తుడిచి సరిచేశాను, సందు పోయింది. కొత్త బ్యాటరీకి మొదటిసారి 8 గంటలు ఛార్జి పెట్టాలంటారు కదా, పెట్టమంటారా?

18. టంకం బాబాయ్ (బరంపురం)

ఆ 8 గంటల మాట నికెల్ కాడ్మియం రోజులది. పాత క్యాసెట్ వాక్‌మన్‌లో చూయింగ్ గమ్ పట్టీలాంటి బ్యాటరీ ఉండేది, 67 × 17 × 6 మి.మీ., దానికి చెల్లుతుంది. లిథియంకి 4.2 వోల్టుల దగ్గర ఛార్జర్ దానంతటదే ఆపేస్తుంది, ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా ఒరిగేదేం లేదు. ఒకసారి నిండా ఎక్కించి, ఆగేదాకా పాడించి, మళ్ళీ నిండా ఎక్కించు. అది సెల్లు కోసం కాదు, తెర మీద బొమ్మ లెక్క కుదరడానికి. కొత్తదనంలో ఈ 30 జీబీకి కంపెనీ చెప్పింది 14 గంటలు. నీకు 10 దాటితే కొన్న సెల్లు నిజాయితీగలదే.

బొమ్మ కాకుండా అసలు వోల్టేజి చూడాలంటే రాక్‌బాక్స్ (ఐపాడ్‌లో కంపెనీది బదులు నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించుకో. సిస్టమ్‌లో డీబగ్, అందులో బ్యాటరీ చూపే పేజీ. డిస్కు లేచే క్షణంలో అంకె ఎంత పడుతుందో కళ్ళారా కనిపిస్తుంది. మంచి సెల్లు అయితే కొద్దిగా ఊగి సర్దుకుంటుంది.

19. వంశధార ఒడ్డు (గుణుపురం)

ఇక్కడ చదివేవాళ్ళలో ఎవరి దగ్గరైనా మొదటి తరం ఐపాడ్ నానో, అంటే 2005 సెప్టెంబరు నుంచి 2006 డిసెంబరు మధ్య అమ్మినది ఉంటే ముందు ఆ బ్యాటరీ మీద కన్నేయండి. వేడెక్కే ప్రమాదం ఉందని 2011 నవంబరులో కంపెనీయే వాటిని వెనక్కి పిలిచింది. అందులో సెల్లు బోర్డుకి అతికించి ఉంటుంది. ఉబ్బి తెర పైకి లేచిన నానోని ఛార్జికి పెట్టి "బతికుందా" అని చూడొద్దు.

20. మహేంద్రతనయ (పర్లాకిమిడి)

11 గంటల 40 నిమిషాలు పాడింది, వాల్యూమ్ సగం, లైటు ఆర్పి. రాక్‌బాక్స్‌లో డిస్కు లేచినప్పుడు 3.81 నుంచి 3.74కి పడి మళ్ళీ పైకొచ్చింది. పాత సెల్లు ఏం చెయ్యాలి?

21. నాగావళి (రాయగడ)

రిబ్బన్ కొన మీది రాగి గీతలకి టేపు చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఇసుక మధ్య పెట్టండి, వంటింట్లో కాదు, వరండాలో. చెత్తబండి వాడికి ఇవ్వొద్దు, బండిలో నలిగితే మంటే. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారులది. విశాఖో, భువనేశ్వరో వెళ్ళినప్పుడు ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి. బస్సులో తీసుకెళ్ళేటప్పుడు తాళాల గుత్తి ఉన్న జేబులో మాత్రం వేసుకోకండి.